ఇంట్లోని వస్తువులు హాజరు పలకాలంటే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి, "తమ్ముడూ, నీకు 20 నిమిషాలు ఇస్తున్నాం. నీ ఉద్యోగం గొప్పలు వద్దు. వినేవాళ్ళకి ఇంటికెళ్ళాక పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. అందుకని ఈ విషయం ఎంచుకున్నాను.

ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్న పని ఒకటే. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, ఆ మాట మధ్యలో తెగకుండా చూడాలి. మొదట్లో ఈ పని ఫ్యాక్టరీల్లోనే ఉండేది. ఇప్పుడు మన ఇళ్ళలోకి వచ్చేసింది. గేటు దగ్గర కెమెరా, వీధి తలుపుకి వచ్చినవాళ్ళ బొమ్మ చూపించే బెల్లు, ఫోనుతో వేసే గీజరు, చీకటి పడగానే దానంతటదే వెలిగే వరండా లైటు, పొలంలో మోటారుకి మొబైల్ స్టార్టరు. ఈ హాల్లో ఉన్న పెద్దవాళ్ళలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటున్నారు. ఈ సామాన్లు చాలావరకు ఆ పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు బిగించి వెళ్ళినవే. బిగించిన రోజున అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి. వాళ్ళు విమానం ఎక్కాక మొదలవుతుంది అసలు కథ.

నాకు తెలిసిన ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. పేర్లు అక్కర్లేదు. ఆ ఇంట్లో తల్లి ఒక్కతే ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. కొడుకు అమెరికాలో. హాల్లో ఒక కెమెరా పెట్టి వెళ్ళాడు. ఒకరోజు ఆఫీసులో ఉండి చూస్తే కెమెరా ‘ఆఫ్‌లైన్’ అంటోంది. మనకి అప్పుడు తెల్లవారుజాము. ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు. రెండు గంటలు అలా చేస్తూనే ఉన్నాడు. చివరికి ఊళ్ళో ఉన్న ఒక బంధువు బండి వేసుకుని వెళ్ళి తలుపు కొడితే, ఆవిడ కళ్ళు నులుముకుంటూ వచ్చి తలుపు తీసింది. ఫోను సైలెంటులో ఉంది. రాత్రి కరెంటు పోయి వచ్చింది. రౌటరు మళ్ళీ లేచింది, కెమెరా లేవలేదు. జరిగింది అంతే.

మీరు అనుకోవచ్చు, ఏమీ కాలేదు కదా అని. నాకు భయం వేసింది ఆ తర్వాత సంగతికి. ఆ కెమెరా అలా వారానికోసారి పోవడం మొదలుపెట్టింది. కొడుకు ఆ కబురు పట్టించుకోవడం మానేశాడు. "మళ్ళీ నెట్ పోయుంటుందిలే" అనుకోవడం అలవాటైంది. రేపు ఆవిడ నిజంగా స్నానాలగదిలో జారిపడినా అతను అదే అనుకుంటాడు. అప్పుడప్పుడు పనిచేసే కెమెరా ఇంట్లో ఉండటం కంటే అసలు కెమెరా లేకపోవడమే నయం. లేనప్పుడు కనీసం రోజూ ఫోన్ చేసి మాట్లాడతాం.

కాబట్టి ఈ సామాన్లు ఎందుకు తెగిపోతాయి, తెగకుండా ఏం చేయాలి అన్నది చూద్దాం. కెమెరా నుంచి కొడుకు ఫోను దాకా ఉన్న దారి ఊహించుకోండి. కెమెరా నుంచి గాలిలో రౌటరుకి. అక్కణ్ణుంచి ఫైబరు డబ్బాకి. అక్కణ్ణుంచి నెట్ కంపెనీకి. తర్వాత ఆ కెమెరా తయారుచేసిన కంపెనీ వాళ్ళ కంప్యూటరుకి, అది ఏ దేశంలో ఉంటుందో మనకి తెలియదు. చివరికి ఫోనుకి. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా ఫోనులో కనిపించే మాట మాత్రం ఒక్కటే, ‘ఆఫ్‌లైన్’. అందుకని ముందు ఏ కొక్కెం ఊడిందో తేల్చుకోవాలి. ఇంట్లో సామాన్లన్నీ ఒకేసారి పోతే కరెంటో, రౌటరో, నెట్టో. ఒక్కటే పోతే ఆ వస్తువో, అది ఉన్న చోటో. ఇంట్లో వాళ్ళ ఫోనులో నెట్ బాగానే వస్తూ, ఒకే కంపెనీ సామాన్లన్నీ పలకడం మానేస్తే ఆ కంపెనీ వైపు లోపం. ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే సగం పని అయినట్టే.

మొదట గాలిలో దారి సంగతి. వైఫైలో ఇళ్ళల్లో ఎక్కువగా వాడేవి రెండు రకాల తరంగాలు, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, రెండోదానిది అందులో సగం. రెండోది ఎక్కువ సమాచారం మోస్తుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. ఇంటి సామాన్లలో చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. ఇప్పటి రౌటర్లు రెండింటికీ కలిపి ఒకే పేరు పెడుతున్నాయి. దాంతో కొన్ని సామాన్లు బిగించేటప్పుడే మొరాయిస్తాయి. రౌటరు సెట్టింగుల్లో 2.4కి విడిగా ఒక పేరు పెట్టి సామాన్లన్నీ దానికే కలిపితే ఆ గొడవ తీరిపోతుంది.

మన ఇళ్ళలో రౌటరు ఎక్కడ ఉంటుంది? నెట్ కుర్రాడి వైరు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఉంటుంది. టీవీ వెనకాల, బీరువా మీద, మెట్ల కింద అరలో. ఇనుప బీరువా తరంగాలను అడ్డుకుంటుంది. శ్లాబులో ఉన్న ఇనప చువ్వలు కూడా అంతే. నీళ్ళ ట్యాంకు వాటిని మింగేస్తుంది. రౌటరు ఇంటి మధ్యలో, మనిషి ఎత్తులో, గాలి తగిలేచోట ఉండాలి. మూసిన అరలో పెడితే మే నెలలో ఆ వేడికే సొమ్మసిల్లుతుంది.

సిగ్నల్ సరిపోతుందా లేదా అన్నది గీతలు లెక్కపెట్టి చెప్పకండి. దానికి డీబీఎమ్ అని ఒక కొలత ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితంగా దొరికే యాప్‌లు అది చూపిస్తాయి. వస్తువు బిగించేచోటే ఫోను పట్టుకుని, తలుపులు మూసి చూడండి. మైనస్ 50 ఉంటే చాలా బాగుంది. మైనస్ 65 దాకా ఫరవాలేదు. మైనస్ 75 దాటితే ఈ రోజు పనిచేసినా ఒక వానరోజునో, ఎవరో అడ్డంగా బీరువా జరిపిన రోజునో తెగిపోతుంది. 10 తగ్గితే శక్తి పదో వంతు అయినట్టు. మైనస్ 50కీ మైనస్ 80కీ తేడా వెయ్యి రెట్లు. గేటు దగ్గరి కెమెరా లాంటిదానికి, వీలైతే, వైరే లాగించండి. మామూలు నెట్‌వర్క్ కేబులు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. వైరుకి మించిన నమ్మకమైన దారి నాకు ఇంతవరకు కనపడలేదు.

ఇక గోల సంగతి. గదులు చాలని రోజుల్లో ఒకే వరండాలో మూడు తరగతులు జరిగిన సంగతి మన పెద్ద బ్యాచిల వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఒకరు ఎక్కాలు, ఒకరు పద్యాలు, ఒకరు ఇంగ్లీషు స్పెల్లింగులు. 2.4లో అదే పరిస్థితి. పేరుకి 13 ఛానెళ్ళు ఉన్నా ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంటులో ఇరవై రౌటర్లు ఉంటే అవన్నీ ఆ వరండాలోనే అరవాలి. రౌటరులో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ అని పెట్టండి, ఆ యాప్‌లోనే చూసి ఆ మూడింటిలో తక్కువ గోల ఉన్నది ఎంచుకోండి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 దగ్గరే. ఓవెన్ పక్కన రౌటరు పెట్టకండి.

ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏం చేయాలన్న ప్రశ్నకి దారి చూపింది హవాయీ విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం. 1971లో వాళ్ళు దీవుల మధ్య ‘అలోహా’ అనే రేడియో నెట్‌వర్క్ నడిపారు. రెండు సందేశాలు గుద్దుకుంటే, ఇద్దరూ చెరికొంతసేపు, ఒక లెక్కా పద్ధతీ లేకుండా, ఆగి మళ్ళీ పంపాలి. ఇద్దరూ ఒకే సమయం ఆగితే మళ్ళీ గుద్దుకుంటారు కదా, అందుకని. నేటి వైఫైలో ఈ ఆలోచన ఇంకా బతికే ఉంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. మన ఇళ్ళలో సామాన్లు తెగిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. కరెంటు రాగానే బల్బులు, ప్లగ్గులు, కెమెరాలు పది సెకన్లలో లేచి రౌటరు కోసం వెతుకుతాయి. రౌటరూ ఫైబరు డబ్బా పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. మంచి వస్తువు కాసేపు ఆగి, మళ్ళీ అడిగి, ఆ ఆగే సమయం పెంచుకుంటూ పోతుంది కానీ అడగడం మానదు. నాసిరకం వస్తువు నాలుగుసార్లు అడిగి మూలన కూర్చుంటుంది. మనం వెళ్ళి ప్లగ్గు తీసి పెట్టేదాకా లేవదు. నేను ఇందాక చెప్పిన కెమెరా జబ్బు అదే.

దీనికి మందు చవక. రౌటరుకీ ఫైబరు డబ్బాకీ కలిపి ఒక మినీ యూపీఎస్ పెట్టండి. రెండింటికీ అని నొక్కి చెబుతున్నాను, ఒకదానికే పెడితే లాభం లేదు. అడాప్టరు మీద 12 వోల్టులా 9 వోల్టులా అన్నది చూసి కొనండి. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నా ఇది పెట్టుకోవడం మంచిది. కరెంటు నుంచి ఇన్వర్టరుకి మారే ఆ రెప్పపాటు చాలు కొన్ని రౌటర్లు పడి లేవడానికి.

ఇంకోటి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఆ ప్లగ్గు ఏ స్థితిలో లేవాలన్నది చాలా వస్తువుల్లో మనమే పెట్టుకోవచ్చు. వరండా లైటుకి ‘ముందు ఎలా ఉందో అలా’ అని పెట్టండి. గీజరుకి మాత్రం తప్పకుండా ‘ఆఫ్’ అని పెట్టండి. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గే వాడాలి. చిన్న ప్లగ్గు పెడితే కాలిపోయేది ప్లగ్గు ఒక్కటే కాకపోవచ్చు.

తర్వాతది చిరునామా. రౌటరు ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఇస్తుంది, అదీ కొంతకాలానికి అరువుగా. రోజూ వేరే రోల్ నంబరు ఇస్తే హాజరు ఎలా వేస్తాం? కెమెరా నంబరు మారితే రికార్డరు పాత నంబరునే పిలుస్తూ కూర్చుంటుంది. రౌటరులో ‘అడ్రస్ రిజర్వేషన్’ అని ఉంటుంది. కెమెరాలకి, రికార్డరుకి అది పెట్టేయండి. నెట్ కంపెనీ మార్చి కొత్త రౌటరు వచ్చినప్పుడు దానికి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే, అక్షరం పొల్లుపోకుండా పెట్టించండి. సామాన్లన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి. లేదంటే ఒక్కొక్కదాన్నీ మళ్ళీ కలపాలి.

హాజరు అన్నాను కాబట్టి, అదెలా పలుకుతాయో చెబుతాను. చాలా ఇంటి సామాన్లు వాడే ఎమ్‌క్యూటీటీ అనే భాష ఉంది. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇంజినీర్లు దీన్ని రాశారు. చమురు పైపులైన్ల మీద ఉన్న మీటర్లను ఉపగ్రహం ద్వారా గమనించడం కోసం పుట్టిన భాష ఇది. ఇందులో ప్రతి వస్తువూ ‘నేను ఇంత సమయానికోసారి పలుకుతాను’ అని ముందే ఒప్పుకుంటుంది. ఆ గడువుకి ఒకటిన్నర రెట్లు దాటినా పలకకపోతే ఆబ్సెంటు వేసేస్తారు. ఇంకా బాగున్న ఏర్పాటు ఏమిటంటే, వస్తువు చేరేటప్పుడే ఒక వీలునామా రాసి ఇవ్వవచ్చు. ‘నేను చెప్పకుండా పోతే ఈ మాట అందరికీ చెప్పండి’ అని. అది హఠాత్తుగా తెగిపోతే ఆ మాట ప్రకటిస్తారు. నీళ్ళ ట్యాంకు సెన్సరు చచ్చిపోయిందన్న సంగతి ట్యాంకు పొంగాక కాకుండా ముందే తెలియాలి కదా.

ఇంతవరకు మన ఇంట్లో సంగతి. గొలుసు చివర ఉన్న కంపెనీ కంప్యూటరు మన చేతిలో లేదు. 2021 డిసెంబరు 7న అమెరికాలో వర్జీనియాలో ఉన్న అమెజాన్ డేటా కేంద్రాల్లో సమస్య వస్తే ఎందరి ఇళ్ళలోనో తలుపు బెల్లు కెమెరాలు, ఇల్లు ఊడ్చే రోబోలు ఫోనుకి పలకలేదు. ఇల్లు బాగానే ఉంది, కరెంటు ఉంది, నెట్ ఉంది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియన్ అనే కంపెనీ చెప్పాపెట్టకుండా తన సర్వర్లు ఆపేసింది. కొన్నవాళ్ళకి ఒక పొద్దున్న యాప్ పనిచేయడం మానేసింది. అందుకని దుకాణంలో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. "బయటి నెట్ తీసేస్తే ఈ స్విచ్చి నా ఇంట్లో నా ఫోనుకి పలుకుతుందా?" పలకదంటే, దాన్ని లైటుకి పెట్టుకోండి గాని తలుపు తాళానికి పెట్టకండి. 2022 అక్టోబరులో వచ్చిన ‘మ్యాటర్’ అనే ప్రమాణం ఇంటి లోపలే మాట నడిచేలా రూపొందింది. కొనేటప్పుడు డబ్బా మీద ఆ గుర్తు ఉందేమో చూడండి. కాస్త ఓపిక ఉన్న కుర్రవాళ్ళకి ‘హోమ్ అసిస్టెంట్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. చిన్న కంప్యూటరు ఒకటి ఇంట్లోనే పెట్టి అన్నింటినీ అక్కణ్ణుంచే నడపవచ్చు.

పాస్‌వర్డు గురించి ఒక్క మాట. 2016లో ‘మిరాయ్’ అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతా తిరిగి, డబ్బాలోంచి వచ్చిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేసిన కెమెరాల్లోకి, రౌటర్లలోకి లక్షల సంఖ్యలో దూరింది. దాని చేతిలో ఉన్నది అరవై పైచిలుకు పాస్‌వర్డుల జాబితా మాత్రమే. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ కెమెరాలన్నీ కలిసి ఒక కంపెనీ మీద పడితే ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటలపాటు అందలేదు. కాబట్టి బిగించిన రోజే పాస్‌వర్డు మార్చండి. పాస్‌వర్డుతో పాటు ఇంకొకటి. హాల్లో కెమెరా పెట్టేముందు అమ్మని అడగండి. ఆవిడ ఇల్లు అది. ఎక్కడ వద్దంటే అక్కడ పెట్టకండి. ఇష్టంలేని కెమెరాకి తువ్వాలు కప్పే అమ్మలు నాకు తెలుసు. దానికి ఏ ఇంజినీరూ రిపేరు చేయలేడు.

మనలో వ్యవసాయం ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి మోటారు సంగతి చెప్పాలి. అర్ధరాత్రి కరెంటు వస్తే తడి గట్ల మీద నడిచి వెళ్ళి మోటారు వేయడం ఎంత ప్రమాదమో, పాము కాట్లు, షాకులు చూసిన మనకి చెప్పక్కర్లేదు. సిమ్ముతో పనిచేసే మొబైల్ స్టార్టరు ప్రాణం కాపాడే వస్తువు. కానీ అందులో సిమ్ముకి రీఛార్జి ఎవరు చేస్తారు? గడువు తేదీ స్టార్టరు పెట్టె మీద రాయండి. మోటారు వేయమన్నాక, పడిందన్న కబురు తిరిగి వచ్చేదే కొనండి. నీళ్ళు లేకపోతే దానంతటదే ఆగే రక్షణ ఉందో లేదో చూడండి. ఆటో స్టార్టరు వేరు, ఇది వేరు. కరెంటు రాగానే అడగకుండా తిరిగేది ఆటో స్టార్టరు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భ జలాలు అయిపోతాయని ఆ ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. ఎప్పుడు తిరగాలో మనిషి నిర్ణయించాలి, ఆ నిర్ణయం నమ్మకంగా చేరవేసేదాకే యంత్రం పని.

ఇంట్లోనూ అంతే. ప్రతి స్మార్టు వస్తువుకీ చేతితో వేసే స్విచ్చి ఉండాలి. ఫోను లేని మనిషి కూడా చీకట్లో తడుముకుని లైటు వేయగలగాలి. తాళానికి మామూలు తాళంచెవి ఉండాలి, అది పక్కింట్లో ఒకటి ఉండాలి.

చివరగా రెండు పనులు, ఒకటి మీకు, ఒకటి మన సంఘానికి.

మీ పని ఇది. సామాన్లు బిగించిన కుర్రాడు వెళ్ళేలోపు ఇంటి మెయిన్ తీసేయించి, ఐదు నిమిషాల తర్వాత వేయించండి. టీ ఇచ్చి పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఏది తిరిగి రాలేదో అక్కడే తేలుతుంది. ఆ తర్వాత మీటరు పెట్టె తలుపు లోపల ఒక కాగితం అంటించండి. వైఫై పేరు, ఏ వస్తువు ఏ ప్లగ్గులో ఉంది, నెట్ కుర్రాడి నంబరు, పక్కింటివాళ్ళ నంబరు. ఆ పక్కింటి నంబరు విదేశంలో ఉన్న పిల్లల దగ్గరా ఉండాలి. కెమెరా పలకనప్పుడు వెళ్ళి తలుపు కొట్టే మనిషి ఎవరన్నది ముందే అనుకుని పెట్టుకోవాలి.

సంఘానికి నా మనవి ఇది. మన ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రుల, రిటైరైన మాస్టార్ల, టీచర్ల ఇళ్ళ జాబితా ఒకటి, వాళ్ళు సరేనంటేనే, తయారుచేద్దాం. ఊళ్ళో ఉన్న పూర్వ విద్యార్థులు తలా ఐదు ఇళ్ళు పంచుకోండి. ఆరు నెలలకోసారి వెళ్ళి మెయిన్ తీసి వేసి చూడటం, కాగితం సరిచూడటం, స్టార్టరు సిమ్ము గడువు చూడటం. ఒక్కో ఇంటికి గంట కంటే ఎక్కువ పట్టదు. కూర్చుని కాసేపు మాట్లాడితే ఇంకో గంట. ఆ రెండో గంట మానకండి. సంక్రాంతికి నాలుగు రోజులు ముందుగా వస్తాను. టెస్టరు, సిగ్నలు కొలిచే ఫోను తెచ్చుకుంటాను. నాకు ఐదు కాదు, పది ఇళ్ళు రాయండి.